మజ్జిగ పులుసు మూడుసార్లు విరిగింది. పుస్తకం తప్పా, నా చెయ్యి తప్పా?

రాసినది: రిటైర్డ్ గుమస్తా, రాజమండ్రి

అందరికీ నమస్కారమండి. నేను వంట తెలిసినవాణ్ణి కాను. 34 ఏళ్లు కరెంటాఫీసులో లెక్కలు రాసి రిటైరయ్యాను. మా ఆవిడ జూన్‌లో చిన్నమ్మాయి పురిటికి అమెరికా వెళ్లింది, ఆరు నెలలకి గానీ రాదు. నేనూ వెళ్లవలసిన వాణ్ణే గానీ ఇంట్లో మా అమ్మ ఉంది. 86 ఏళ్లు. పళ్లు పైన రెండు, కింద ఒకటి. నాలిక మాత్రం పాతికేళ్ల వయసులో ఎలా ఉండేదో ఇప్పటికీ అలాగే ఉంది.

వెళ్లేముందు మా ఆవిడ ఒక వంటమనిషిని మాట్లాడింది. మొదటిరోజు అమ్మ ఏమీ అనలేదు. రెండోరోజు పప్పుచారు ఒక ముద్ద తిని, "ఈ పిల్లకి ఎవరిమీదో కోపంగా ఉన్నట్టుందిరా" అంది, ఆ అమ్మాయి వినేలాగే. మూడోరోజు ఆ అమ్మాయి రాలేదు. ఇంక నాకు మిగిలింది గూట్లో ఉన్న వంటల పుస్తకం.

పుస్తకం గురించి కాస్త చెప్పాలి. అట్ట లేదు. మొదటి 12 పేజీలు లేవు. కాబట్టి రాసినావిడ ఎవరో, ఏ ఊరో, ఏ సంవత్సరమో తెలీదు. మా అత్తగారిది. 1984లో మా పెళ్లప్పుడు సారె సామానుతో వచ్చింది. పప్పులు, పులుసులు, చార్లు, పచ్చళ్లు, అన్నీ రోజూ ఇంట్లో తినేవే. పిల్లలు ఇప్పుడు కంఫర్ట్ ఫుడ్ అంటున్నారే, ఆ బాపతు. బిర్యానీ లేదు, కేకు లేదు. నాకు అదే నచ్చింది.

పదకొండు వారాల్లో 23 రకాలు చేశాను. ఆఫీసు అలవాటు కొద్దీ ఒక నోటుబుక్కులో పద్దు రాస్తున్నాను. అందులో 14 పాసు, 6 గ్రేసు మార్కులు, 3 ఫెయిలు. మార్కులు వేసేది అమ్మ.

పాసైనవాటిలో మొదటిది ఉప్పుడుపిండి. మా చిన్నప్పుడు శనివారం రాత్రి అమ్మ అన్నం తినేది కాదు, ఇదే చేసుకునేది. బియ్యపు రవ్వ ఒకటికి నీళ్లు రెండు. పోపులో శనగపప్పు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ. ఎసరు మరిగాక నానిన పెసరపప్పు గుప్పెడు, ఆ తర్వాత రవ్వ. పుస్తకంలో "ఇత్తడి గిన్నెలో" అని ఉంది. నేను మొదట స్టీలు గిన్నెలో చేశాను. తెల్లగా, మెత్తగా, ఉప్మాకి అన్నయ్యలా వచ్చింది. అమ్మ చూసి, "చెక్కు ఏదిరా?" అంది. మర్నాడు అటకమీంచి ఇత్తడి తప్పేలా దింపి, చింతపండు పెట్టి తోమి, సన్నసెగమీద మూతపెట్టి పాతిక నిమిషాలు వదిలేశాను. అడుగున బంగారు రంగులో చెక్కు కట్టింది. అట్లకాడ పెట్టి లేపితే గిన్నె ఆకారంలోనే ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. అమ్మ దాన్ని నమల్లేదు కదా. తుంపి మజ్జిగలో నానేసుకుని, కళ్లు మూసుకుని, పావుగంట చప్పరించింది. ఆవేళ మార్కులు అడగలేదు నేను.

ఇక నా బాధ. మజ్జిగ పులుసు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ విరిగింది. పైన పచ్చటి నీళ్లు, కింద తెల్లటి పలుకులు. పైగా రుచి కూడా ఏదోలా ఉంది. మొదటిసారి అమ్మ ఒక చుక్క నాలిక్కి రాసుకుని, "ఇది మజ్జిగ పులుసా, బాలింతల కషాయమా?" అంది.

నేను పుస్తకం అక్షరం పొల్లుపోకుండా పాటించాను. మజ్జిగ కాచి, మరుగుతుండగా శనగపిండి నీళ్లలో కలిపి పోశాను. అక్కడ పుస్తకంలో కొలతలు అచ్చులో లేవు, "తగినంత మజ్జిగ" అనే ఉంది. అయితే పేజీ అంచున మా ఆవిడ పెన్సిలుతో రాసుకున్న కొలతలున్నాయి: "సో 1½ మం 1", తర్వాత పెద్ద నూనె మరక, దాని తర్వాత "శు ½". నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను: మజ్జిగ సోల 1½, మంచినీళ్లు 1, శుంఠి ½. శొంఠిని శుంఠి అని రాసిందేమిటా అనుకున్నాను గానీ, మా అత్తవారింట్లో సంస్కృతం పాలు కాస్త ఎక్కువ. పక్క పేజీల్లో పలాలు ఉన్నాయి కాబట్టి అర పలం అనుకుని, పలం అంటే ఎంతో తెలీక రెండు చెంచాలు వేశాను.

నా ప్రశ్నలు. విరగకుండా ఎలా? సోల, గిద్ద, పలం ఇప్పటి లెక్కలో ఎంత? "దోరగా" అంటే ఎంతసేపు? ఇలాంటి పాత పుస్తకం పెట్టుకుని వండినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? మా ఆవిణ్ణి అడగొచ్చు కదా అంటారేమో. అక్కడ మనవడికి పన్నెండు రోజులు, ఇద్దరికీ నిద్రల్లేవు. మజ్జిగ పులుసు కోసం ఫోను చేస్తే బాగుండదు.


జవాబు 1: ఏలూరు వదిన

అన్నయ్యగారూ, రెండు చెంచాల శొంఠా! పెద్దావిడ ఓపికకి దండం పెట్టాలి.

విరగడం మీ చేతి తప్పు కాదు, వరస తప్పు. మజ్జిగని ఒట్టిగా మరిగించారు. పుల్ల మజ్జిగ ఒట్టిగా సెగ తగిలితే విరిగే తీరుతుంది. పిండి మరిగాక పోస్తే ఏం లాభం, అప్పటికే అయిపోయింది. చల్లగా ఉన్నప్పుడే కలిపేయాలి. ఆ పిండి పట్టుకుని ఉంటేనే మజ్జిగ ఉడుకు తట్టుకుంటుంది.

మా ఇంట్లో శనగపిండి వాడం. గుప్పెడు పచ్చిశనగపప్పు, చెంచా ధనియాలు, చెంచా బియ్యం, అర చెంచా జీలకర్ర గంటసేపు నానబెట్టండి. నాలుగు పచ్చిమిర్చి, బొటనవేలంత అల్లం, నాలుగు చెంచాల పచ్చికొబ్బరి వేసి మెత్తగా రుబ్బండి. మిక్సీ చాలు. సొరకాయ ముక్కలు, కావలిస్తే మునక్కాడ, కాస్త ఉప్పు పసుపు వేసి విడిగా ఉడికించుకోండి. మీ అమ్మగారికి పళ్లు లేవన్నారు కదా, సొరకాయ లేతది తెచ్చి గోరుతో నొక్కితే దిగేటంత ఉడికించండి. అర లీటరు పుల్ల పెరుగు కవ్వంతో చిలికి, రుబ్బిన ముద్ద అందులో కలిపి, ఇవన్నీ ఒకే గిన్నెలో వేసి అప్పుడు పొయ్యిమీద పెట్టండి. సన్నసెగ. గరిటె వదలొద్దు. ఫోను మోగినా వదలొద్దు. అంచుల్లో నురగ లేచి ఒక్క పొంగు రాబోతుండగా కట్టేయండి. మిగతా ఉప్పు దింపాకే. పోపులో నాలుగు మెంతి గింజలు పడాలి, ఇంగువ పడాలి. మూత వెంటనే పెట్టకండి.

ఇంకోటి. పెరుగు వెన్న తీసినది వాడకండి. మీగడ ఉన్న పెరుగు అంత తొందరగా విరగదు.

దోరగా అంటే నిమిషాల్లో చెప్పలేనండి. శనగపప్పు అయితే గింజ అంచు ఎర్రబడి మధ్యలో ఇంకా పసుపు కనిపిస్తుండగా ఆపండి. మూకుడు వేడికే మిగతాది అవుతుంది. ముక్కుకి తెలుస్తుంది, పచ్చివాసన పోయి కమ్మటి వాసన మొదలయ్యే క్షణం ఉంటుంది. అది దాటిందా, మాడు.


జవాబు 2: రెండు విజిల్స్

ఇంత కష్టం దేనికి సార్, రాజమండ్రిలో కర్రీ పాయింట్ లేని వీధి ఉందా? పావుకిలో పప్పు తెచ్చుకుంటే సరి.


జవాబు 3: రిటైర్డ్ గుమస్తా, రాజమండ్రి

తెచ్చానండి, ఒకసారి. స్టీలు గిన్నెలోకి మార్చి, పైన కొత్త పోపు కూడా పెట్టాను, తెలియకుండా. అమ్మ వాసన చూసి, "ఇది మన పొయ్యిమీద ఉడకలేదు" అంది. 34 ఏళ్ల సర్వీసులో ఆడిట్‌వాళ్లు కూడా నన్ను అంత తొందరగా పట్టుకోలేదు.


జవాబు 4: కరీంనగర్ కోడలు

నమస్తే సార్. మా దిక్కు మజ్జిగ పులుసుకు ఇంత పంచాయితీ లేదు. సల్ల చారు అంటం. సల్లను పొయ్యి మీదనే పెట్టం. చిక్కటి సల్లల ఉప్పు, పసుపు, సన్నగ తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు. పోపు ఏరే పెట్టి, పోపు సల్లారినంక సల్లల కలుపుడే. ఇరిగే ముచ్చటే రాదు. ఎండకాలం మా ఇంట్ల రోజు ఇదే. మా అత్తమ్మ ముక్కుల వాసన తగలాలె అని ఎల్లిపాయ దంచి ఏస్తది.

మీ బుక్కు గురించి ఒక మాట. నా దగ్గర కూడ ఒకటున్నది, మా పెద్దమ్మ ఇచ్చింది, ఇట్లనే పాతది. బుక్కు మంచిదే, కాదన. అందుల నేను కందిపచ్చడి నేర్చుకున్న, పరమాన్నం నేర్చుకున్న. కని పచ్చిపులుసు పేజీ చూస్తే నువ్వులపొడే లేదు! మా దగ్గర నువ్వులు ఏంచి పొడి కొట్టి ఏస్తెనే అది పచ్చిపులుసు. మిరపకాయలు మంటమీద కాల్చి, చింతపండు రసంల ఉల్లిగడ్డతోటి చేతితోనే పిసుకాలె, జరంత బెల్లం. పెసరపప్పు కిచిడిల పోసుకుంటె ఇగ వేరే ఏం వద్దు. గా పేజీల పక్కకు నేనే పెన్నుతోటి రాసిన. రేపు నా బిడ్డకు బుక్కు ఇస్తె, సగం అచ్చు, సగం నా రాత ఉంటది.

మీ అమ్మకు పండ్లు లేవంటిరి గదా. సర్వపిండి చెప్తామనుకున్న, గట్టిగుంటది, వద్దు. మక్క గటక చెయ్యుండ్రి. మక్క రవ్వ మెత్తగ ఉడకబెట్టి, సల్లారినంక సల్లల కలిపి, పచ్చి ఉల్లిగడ్డ బదులు ఎల్లిపాయ కారం జరంత. గుటుక్కున దిగుతది.


జవాబు 5: తెనాలి కొట్టు

గుమస్తాగారూ, నమస్కారం. నాకు 71 ఏళ్లు. 40 ఏళ్లు కిరాణా కొట్టు నడిపాను. కొలతలు నన్నడగండి.

గిద్దలు 4 అయితే సోల. సోలలు 2 అయితే తవ్వ. తవ్వలు 2 అయితే మానిక. మానికలు 4 అయితే కుంచం. ఇవి కొలిచేవి, తూచేవి కావు. కాబట్టి సోలెడు బియ్యం తూకమూ సోలెడు రవ్వ తూకమూ ఒకటి రావు. పైగా సోల ఊరూరికీ కాస్త మారేది. అందుకని గ్రాముల్లోకి మార్చే ప్రయత్నం మానుకుని, ఇంట్లో ఒక గ్లాసుని సోల అనుకోండి. నాలుగోవంతు గిద్ద. పుస్తకం మొత్తం ఆ గ్లాసుతోనే వండండి, నిష్పత్తి తప్పదు.

తూకాలు మాత్రం కచ్చితంగా చెప్పొచ్చు. 3 తులాలు పలం. 8 పలాలు శేరు. 5 శేర్లు వీశె. తులం 11.66 గ్రాములు. అంటే పలం 35 గ్రాములు, వీశె 1,400 గ్రాములు. ఇది మన పచ్చిశేరు సుమా, 24 తులాలది. ఉత్తరాది శేరు 80 తులాలు. పుస్తకం మన ఆవిడ రాసిందే కాబట్టి 24 అనే లెక్కేసుకోండి. 1956లో చట్టం చేసి కిలోలు, లీటర్లు తెచ్చారు. మా నాన్న కొట్లో కొత్త రాళ్లు పెట్టాడు గానీ, చాలా ఏళ్లు బేరం మాత్రం వీశెల్లోనే. "వీశె బెల్లం" అని అడిగితే కిలో నాలుగొందలు తూచి ఇచ్చేవాళ్లం. వంటిళ్లలో సోలగిన్నె అయితే నిన్నమొన్నటిదాకా ఉంది.

ఇక అసలు సంగతి. కోపం తెచ్చుకోకండి. నేను జీవితమంతా ఖాతా పుస్తకాలు చూసినవాణ్ణి. "సో 1½, మం 1, శు ½" అంటే సోల, మంచినీళ్లు, శుంఠి కాదండీ బాబూ. సోమ, మంగళ, శుక్ర. అది పాల లెక్క.

ఆ నూనె మరక కింద బుధవారం, గురువారం ఉంటాయి. కాగితం లైటుకి పట్టి చూడండి.


జవాబు 6: ఏలూరు వదిన

అయ్యో అయ్యో. నేను ఆఫీసులో కూర్చుని నవ్వుతుంటే పక్కవాళ్లు చూస్తున్నారు.


జవాబు 7: డాలస్ వంటిల్లు

బాబాయిగారూ, మీ ఉప్పుడుపిండి పేరా చదివి నిన్న రాత్రి పదింటికి లేచి వండాను. నా గోడు కూడా వినండి.

మా అమ్మమ్మది అమలాపురం దగ్గర. తనూ శనివారాలు ఇదే చేసేది. ఇక్కడికొచ్చిన కొత్తలో ఇండియన్ స్టోర్లో ఇడ్లీ రవ్వ కొని చేశాను. పిండి కట్టినట్టు ముద్దయింది. అమ్మకి ఫోను చేస్తే "కొలత ఎంత?" అంటే "చూసి పోయ్" అంటుంది. ఏం చూడాలో చెప్పదు. మా ఆవిడ పుట్టినరోజుకి ఒక వంటల పుస్తకం ఇచ్చింది, కొత్తది, నున్నటి కాగితం, ప్రతి పేజీకి ఫొటో. అందులో ఉప్పుడుపిండికి పక్కన కొత్తిమీర రెమ్మ, వెనకాల చెక్కబల్ల. అంతా బాగానే ఉంది గానీ ఫొటోలో చెక్కు లేదు! నాన్‌స్టిక్‌లో చేశారన్నమాట. ఆ పుస్తకం మీద నమ్మకం అక్కడే పోయింది.

చివరికి నాకు కుదిరిన పద్ధతి: మామూలు సోనామసూరి కడిగి, గుడ్డమీద రెండు గంటలు ఆరబోసి, చేతికి తడి తగలకుండా ఉన్నప్పుడు మిక్సీలో ఆపి ఆపి తిప్పి, జల్లెడ పట్టి, పిండి తీసేసి రవ్వ ఉంచుకోవడం. ఇత్తడి తప్పేలా ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది, పోత ఇనుము గిన్నె వాడతాను. కరెంటు పొయ్యి కట్టేసినా పావుగంట వేడి వదలదు కదా, ఆ వేడికే చెక్కు కడుతుంది. నిన్న మొదటిసారి ఒక్క ముక్కగా ఊడింది. మా ఏడేళ్లవాడు అది చూసి "పిజ్జా?" అన్నాడు. ఆవకాయ నంజుకుని తిని రెండో ముక్క అడిగాడు. పిజ్జానే అననిచ్చాను.

ఇక్కడి పెరుగు సంగతి వదినగారు చెప్పిందే. కొవ్వు తీసిన పెరుగు డబ్బాతో మజ్జిగ పులుసు చేస్తే గరిటె తిప్పుతుండగానే విరిగింది. మొత్తం పాల పెరుగు తెచ్చి, రెండు రోజులు బయట పెట్టి పులియనిచ్చి చేస్తే నిలబడింది.


జవాబు 8: రిటైర్డ్ గుమస్తా, రాజమండ్రి

అందరికీ కలిపి రాస్తున్నాను.

తెనాలి కొట్టుగారూ, పేజీని ట్యూబులైటుకి పట్టి చూశానండి. మరక కింద "బు నా" అని, "గు 1" అని ఉంది. నా అంటే నాగా. ఆ బుధవారం పాలు రాలేదన్నమాట. 34 ఏళ్లు హాజరుపట్టీలు చూసిన నేను "నా" చూసి ఉంటే వెంటనే పోల్చుకునేవాణ్ణి. ఆ ఒక్క అక్షరమే మరక కింద పడాలా!

నిన్న మా ఆవిడే ఫోను చేసింది, వాడు నిద్రపోయాడని. ఉండబట్టలేక అడిగేశాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఫోను కట్టయిందనుకున్నాను. నవ్వుతోందిట, వాడు లేస్తాడని కొంగు నోట్లో కుక్కుకుని. "నేనా పుస్తకం చూసి ఎప్పుడు వండానండీ? పెళ్లయిన కొత్తలో రెండుసార్లు తీశాను. మీ అమ్మగారు చూసి, పుస్తకం చదివి పులుసు పెట్టేవాళ్లని ఇప్పుడే చూస్తున్నానమ్మా అన్నారు. అప్పట్నించి దాంట్లో పాల పద్దు, చాకలి పద్దు రాసుకున్నాను. కాగితం దండగ ఎందుకని" అంది.

అంటే నేను పదకొండు వారాలుగా మా ఆవిడ చేతివంట అనుకుని పాటించినది పాలవాడి హాజరు. పప్పుచారు పేజీలో "దు 2, చీ 3" అని ఉంటే దుంపలు రెండు, చీల్చిన మిర్చి మూడు అని వేశాను. దుప్పట్లు, చీరలుట. ఆ పప్పుచారుకి అమ్మ పాసు మార్కులే వేసింది, అదింకా విచిత్రం.

సరే, మజ్జిగ పులుసు. ఏలూరు వదినగారు చెప్పినట్టే ఇవాళ పొద్దున్న చేశాను. సొరకాయ గోరు దిగేటంత లేతది దొరకడానికి రెండు సైకిలు బళ్లు తిరిగాను. ముద్ద చల్లటి మజ్జిగలో కలిపి, సన్నసెగమీద పెట్టి, గరిటె తిప్పుతూ నిలబడ్డాను. గ్యాసువాడు వచ్చి బెల్లు కొట్టాడు. తీయలేదు. రెండోసారి కొట్టాడు. తీయలేదు. గిన్నె అంచున మొదట చిన్న చిన్న బుడగలు కట్టాయి, తర్వాత మధ్యలో ఉబ్బినట్టయింది, పచ్చటి వాసన పోయి అల్లం, కొబ్బరి కలిసిన వాసన లేచింది. కట్టేశాను. ఐదు నిమిషాలు చూస్తూ కూర్చున్నాను, విరుగుతుందేమోనని. విరగలేదు. తీగలా గరిటె మీంచి జారింది. గ్యాసువాడు వెళ్లిపోయాడు, మళ్లీ బుక్ చేయాలి.

అమ్మకి అన్నం మెత్తగా పిసికి, మధ్యలో గుంట చేసి పోశాను. మొదటి ముద్ద తిని ఏమీ అనలేదు. రెండోది తిని, "మెంతులు ఒక నాలుగు గింజలు ఎక్కువేశావు" అంది. ఎక్కువే పడ్డాయి, నిజమే, చెయ్యి జారింది. కంచం మొత్తం ఖాళీ చేసి, వేలితో అంచు తుడిచి, "రేపు మళ్లీ ఇదే చెయ్యి, మిగిల్తే రాత్రికి కూడా ఉంచు" అంది. నోటుబుక్కులో పాసు రాసుకున్నాను. నాలుగో ప్రయత్నం అని కూడా రాశాను, రికార్డు రికార్డే.

కరీంనగర్ కోడలుగారూ, మీ గటకా అయింది. మక్క రవ్వకి మూడు కొట్లు తిరగాల్సి వచ్చింది. అమ్మ తిని "ఇది మా పుట్టింట్లో పాలేరు భోజనం, నన్ను తినొద్దనేవారు, నేను దొంగతనంగా తినేదాన్ని, కాకపోతే అది జొన్న" అంది. 86 ఏళ్లకి ఈ సంగతి బయటపడింది. మళ్లీ కావాలంది, ఈసారి జొన్నలతో.

తెనాలి కొట్టుగారూ, ఒక స్టీలు గ్లాసుమీద పెయింటుతో "సోల" అని రాసి పెట్టుకున్నాను.

చివరగా ఒక సందేహం. శనివారం కంద బచ్చలి కూర చేద్దామనుకుంటున్నాను, మెత్తగా ఉంటుంది, అమ్మకి ఇష్టం. ఆ పేజీలో పుస్తకం "దించాక తగినంత ఆవ నూరి కలపాలి" అంటోంది. పక్కనే పెన్సిలుతో "ఆ 2" అని ఉంది. ఇది ఆవ రెండు చెంచాలా, ఆదివారం రెండు లీటర్లా?


జవాబు 9: తెనాలి కొట్టు

ఆదివారం. చుట్టాలొచ్చి ఉంటారు. ఆవ ఒక చెంచా చాలు, కూర చల్లారాక కలపండి, లేకపోతే చేదెక్కుతుంది.